చుట్టరికానికి 15 పాయింట్లు ('మెరిట్' కథలు – 9వ భాగం)

"ఆస్ట్రేలియాలో రిజర్వేషన్లు లేవు, అందుకే ఆ దేశం అలా ఉంది." ఈ మాట ఏదో ఒక వాట్సాప్ గ్రూపులో మీరు చదివే ఉంటారు. రాసిన పెద్దమనిషి పెర్త్‌లోనో అడిలైడ్‌లోనో ఉంటాడు. చాలాసార్లు ఆయన చేతిలో ఉన్నది 491 వీసా. ఇవాళ ఆ వీసా గురించే మాట్లాడుకుందాం. ఈ సెమిస్టర్‌లో దాని గురించి నన్ను అడిగిన పిల్లల్లో మనవాళ్లు కూడా ఉన్నారు. కన్సల్టెన్సీ వాళ్లు వాళ్లకి ఫీజు ఎంతో చెప్పారు, మిగతాది చెప్పలేదు.

2019 నవంబరులో ఆస్ట్రేలియా పాత 489 వీసా తీసేసి ఈ 491 తెచ్చింది. నైపుణ్యం ఉన్నవాళ్లకి 5 ఏళ్ల తాత్కాలిక వీసా. షరతేమిటంటే సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ వదిలేసి, ప్రభుత్వం 'రీజినల్' అని గుర్తించిన చోటే ఉండాలి, అక్కడే పని చేయాలి, చదివితే అక్కడే చదవాలి. రీజినల్ అనగానే గొర్రెల మంద మధ్య ఒంటరి ఇల్లు ఊహించుకోకండి. పెర్త్, అడిలైడ్, కాన్‌బెర్రా, గోల్డ్‌కోస్ట్ కూడా ఆ లెక్కలోవే. అలా 3 ఏళ్లు గడిపి, 3 సంవత్సరాల పన్ను కాగితాలు చూపిస్తే 191 అనే శాశ్వత వీసాకి అప్లై చేసుకోవచ్చు. ఆ 3 ఏళ్లు నిండకుండా 189, 190 లాంటి వేరే శాశ్వత వీసాల వైపు పోవడానికి దారి లేదు.

ఇదంతా పాయింట్ల లెక్క మీద నడుస్తుంది. కనీసం 65 ఉండాలి. 65 ఉన్నంత మాత్రాన పిలుపు వస్తుందని కాదు, పోటీని బట్టి ఇంకా పైకి పోతుంది. కానీ గుమ్మం ఎత్తు 65. అందులో 15 పాయింట్లు మీరు చదివి తెచ్చుకునేవి కావు. రాష్ట్ర ప్రభుత్వం నామినేట్ చేస్తే వస్తాయి. లేదంటే అక్కడి రీజినల్ ప్రాంతంలో స్థిరపడిన చుట్టం స్పాన్సర్ చేస్తే వస్తాయి. అన్న, అక్క, బాబాయి, మేనమామ, పెద్దమ్మ కొడుకు, ఎవరైనా పర్లేదు. భార్య తరఫు చుట్టమైనా, భర్త తరఫు చుట్టమైనా చెల్లుతుంది.

మళ్లీ చదవండి. చుట్టం ఉంటే 15 పాయింట్లు.

మన సమాజంలో పెళ్లి ఎవరితో చేస్తారు? కులంలో. చుట్టరికం ఎక్కడ పుడుతుంది? ఆ పెళ్లిలో. మరి ముందు తరంలో విమానం ఎక్కింది ఎవరు? ఎకరాలు అమ్మి పిల్లల్ని పంపగలిగినవాళ్లు, ఇల్లు చూపించి బ్యాంకు లోను తెచ్చుకోగలిగినవాళ్లు. కూలికి పోయిన మా పెద్దనాన్నలకి అడిలైడ్‌లో మేనల్లుళ్లు ఎక్కడి నుంచి వస్తారు? ఆస్ట్రేలియా ప్రభుత్వం కులాన్ని చూసి ఈ పట్టిక రాయలేదు, ఒప్పుకుంటాను. ఆ పట్టికలో కులం అనే గడే లేదు. మన దగ్గర నుంచి వెళ్లే మనిషే దాన్ని లోపలికి మోసుకుపోతాడు, 15 పాయింట్లుగా.

ఇక రాష్ట్రం నామినేట్ చేసే దారి. ఆ ప్రాంతాల్లో నర్సులు చాలరు, టీచర్లు చాలరు, ఇంజినీర్లు రారు. అందుకని అక్కడికి వెళ్తామన్నవాళ్లకి 15 కలుపుతారు. సొంతంగా 50 తెచ్చుకున్నవాడు గుమ్మం దాటతాడు. ఇందులో తప్పేమీ లేదు. దేశానికి అవసరం ఉంది, కలిపింది. సరే మరి, మన దగ్గర ఎస్సీ విద్యార్థికి కటాఫ్ కొంచెం తగ్గిస్తే "మెరిట్ చచ్చిపోయింది" అని ఏడ్చేది ఎవరయ్యా? ఒక దేశం తన అవసరం కోసం మార్కులు కలిపితే అది పాలసీ, ఇంకో దేశం తాను చేసిన అన్యాయాన్ని సరిదిద్దుకోవడానికి కలిపితే భిక్షా? 65లో 15 అదనంగా పుచ్చుకుని దిగినవాడికి రిజర్వేషన్ల మీద ఉపన్యాసం ఇచ్చే నోరెక్కడిది?

మిగతా గడులు కూడా చూడండి. వయసు 25 నుంచి 32 మధ్య అయితే 30 పాయింట్లు, 33 దాటితే 25, 40 దాటితే 15, 45 వస్తే తలుపు మూసేస్తారు. నాకు 36. నా తెలుగు పీహెచ్‌డీకి ఈ పట్టిక 20 పాయింట్లు ఇస్తుంది, నవ్వొచ్చింది. ఆ పీహెచ్‌డీ 7 ఏళ్లు పట్టింది, అందులో ఎన్ని నెలలు ఫెలోషిప్ డబ్బు కోసం ఆఫీసుల చుట్టూ తిరగడంలో పోయాయో ఏ గడిలోనూ లేదు. రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు బిగబట్టిన పిల్లకి రెండేళ్లు పోతే, ఆ రెండేళ్లు వయసులో కరుగుతాయి, అనుభవంలోనూ తగ్గుతాయి. ఇంగ్లిష్‌లో పాసు మార్కుకి సున్నా, పై మెట్టుకి 10, ఆపై మెట్టుకి 20. హాస్టల్లో తెలుగు మీడియం చదివినవాళ్లకి ఆ 20 ఎంత దూరమో నేను రోజూ క్లాసులో చూస్తున్నాను. చేతికి నగదు ఇచ్చే చిన్న కంపెనీలో పని చేసినవాడి దగ్గర పే స్లిప్ ఉండదు, కాబట్టి అనుభవమూ ఉండదు.

ఒక తమాషా. అక్కడి నాటి సంస్థ పెట్టే సీసీఎల్ పరీక్ష తెలుగులో పాసైతే 5 పాయింట్లు. తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే స్కూళ్లలో పిల్లల్ని చేర్చినవాళ్లు ఇప్పుడు ఈ 5 కోసం కోచింగ్‌కి పోతున్నారు. తెలుగు మేష్టారుగా నాకు దీని మీద ఫిర్యాదు లేదు.

ఈ వీసాని 'వెట్టి' అని పోస్టులు పెడుతున్నవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ మాట వాడకండి. 491 మీద యజమానిని మార్చుకోవచ్చు, ఒక రీజినల్ ఊరి నుంచి ఇంకో రీజినల్ ఊరికి పోవచ్చు, మెడికేర్ ఉంది. వెట్టి అంటే ఏమిటో మా నాయనమ్మ తరాన్ని అడగాల్సింది. అయితే షరతు అందరికీ ఒకేలా తగలదు. పది ఇరవై తెలుగు కుటుంబాలున్న ఊళ్లో దిగుతావు. మొదటి గది తెలుగువాళ్ల ఇంట్లో, మొదటి పని తెలుగువాళ్లు చెప్పిన చోట. సంక్రాంతి భోజనాల దగ్గర మొదలవుతుంది: ఇంటిపేరేంటి? ఏ ఊరు? ఊళ్లోనా, పేటలోనా? జవాబు చెప్పాక మళ్లీ పిలుపు రాదు. మెల్‌బోర్న్‌లో అయితే ఇంకో పేటకి మారి జనంలో కలిసిపోవచ్చు. నీ వీసా మెల్‌బోర్న్‌కి మారనివ్వదు. 3 ఏళ్లు ఆ చిన్న లోకంలోనే ఉండాలి.

అక్కడ ఫిర్యాదు చేద్దామంటే 1975 నాటి జాతి వివక్ష చట్టంలో కులం అనే మాట లేదు. వంశం అనే అర్థమిచ్చే మాట ఉంది. ఆ మాటలోకి కులం కూడా వస్తుందని ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ 2002లోనే చెప్పింది. అమెరికాలో సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులం పేరు పెట్టే నిషేధించింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా బిల్లుని గవర్నర్ వీటో చేశాడు. బిల్లుకి అడ్డుపడ్డ సంఘాల్లో మన దేశం నుంచి వెళ్లినవాళ్లవే ముందున్నాయి. కులమే లేదన్నవాళ్లకి దాన్ని నిషేధిస్తే ఏం నష్టమో ఇప్పటికీ చెప్పలేదు. ఆస్ట్రేలియా చట్టంలో కులం అనే మాట ఉండాలి. అక్కడున్న మనవాళ్లు ముందు అడగాల్సింది ఇదే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వెళ్లొద్దని నేను అనను. వెళ్లండి. చుట్టం లేడని ఆగకండి, రాష్ట్ర నామినేషన్ దారి ఉంది. ఏ రాష్ట్రం ఏ వృత్తులకి పిలుస్తోందో ఆ రాష్ట్రాల అధికారిక వెబ్‌సైట్లలో ఉచితంగానే ఉంటుంది, దాని కోసం కన్సల్టెన్సీకి లక్షలు పోయకండి. వీసా ఫీజే ఒక్క మనిషికి 4,000 డాలర్లు దాటుతుంది, ఆ డబ్బు దానికి దాచుకోండి. మొదటి ఉద్యోగం నుంచే ప్రతి పే స్లిప్పు, ప్రతి ఆఫర్ లెటరు, బ్యాంకు స్టేట్‌మెంటు ఒక ఫైల్లో పెట్టుకోండి. దిగే ఊళ్లో అంబేడ్కరైట్లు ఎవరున్నారో టికెట్ కొనకముందే వెతుక్కోండి.

వచ్చే భాగంలో నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. 2022లో భారత సంస్కృతి, చరిత్ర, సమాజం మీద విదేశాల్లో చదవాలనుకునేవాళ్లని అందులోంచి తీసేశారు. అది ఎవరికి తగిలిందో చూద్దాం.

జై భీమ్.