లావుపాటి కథానాయిక కావలెను

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పుదుచ్చేరిలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 46 శాతం మంది ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నవాళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 36, తెలంగాణలో 30, దేశం మొత్తం మీద 24. యానాం తెలుగువాళ్లు కూడా ఈ పుదుచ్చేరి లెక్కలోకే వస్తారు. పుదుచ్చేరిలోని ముదలియార్‌పేటలో ఏ పెళ్లికి వెళ్లినా పట్టుచీరలు కట్టుకుని పంక్తిలో కూర్చున్నవాళ్లలో ఇంచుమించు సగం మంది ఈ కోవలోనివారే అనుకోవచ్చు. “కాస్త ఒళ్లు చేసినట్టున్నావే” అన్న పలకరింపు వాళ్లకు కొత్త కాదు. జాకెట్టు కుట్టించడానికి వెళ్తే ఒకరు, సంబంధం చూడటానికి వచ్చి మరొకరు, ఏమీ పని లేకపోయినా ఇంకొకరు ఆ మాట అంటూనే ఉంటారు. వాళ్లలో ఒకరి చేతికి తెలుగు హాస్య నవల ఇచ్చి, ఇందులో నవ్వించేది నీలాంటి మనిషే, నవ్వులపాలయ్యేది మాత్రం కాదు అని చెప్పాలంటే ఏ పుస్తకం ఇస్తాం? వెతికితే చేతికి తగిలేవి దాదాపు శూన్యం. సగం మంది పాఠకురాళ్లకు కథలో చోటు లేకపోవడం సాహిత్యానికి చిన్న లోటు కాదని, ఆ లోటు తీర్చే శక్తి తెలుగు హాస్యానికి ఎప్పటినుంచో ఉందని నా వాదన.

మనకు లావుపాటి ఆడమనిషిని చూసి నవ్వడం వచ్చు. ఆ విద్యలో మనల్ని మించినవాళ్లు లేరు. డ్రమ్ము, పీపా, రోడ్డు రోలరు, గున్న ఏనుగు లాంటి మాటలతోనే మన కామెడీ ట్రాకులు ఏళ్ల తరబడి బతికాయి. ఆమె కుర్చీలో కూర్చుంటే కుర్చీ విరగాలి, ప్రేమలో పడితే హీరో పారిపోవాలి. అదే తెర మీద పొట్ట పెరిగిన కథానాయకుడు తన వయసులో సగం లేని అమ్మాయితో పాటలు పాడుతుంటే అతని నడుము కొలత ఎవరూ అడగలేదు. ఇది మన హాస్యానికి పుట్టుకతో వచ్చిన గుణం అనుకుంటే పొరపాటు. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’ చూడండి. ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున, ఎస్వీఆర్ ఉన్న సినిమాకు సూర్యకాంతం పాత్ర పేరు పెట్టారు. ఆమె భారీ మనిషే. అయినా మనం నవ్వేది ఆమె గడుసుతనానికి, పిసినారితనానికి, గొంతుకు, తన ఇంట్లో తనదే మాట అన్న ధీమాకు. ఒళ్లు ఆమెకు అడ్డం రాలేదు. అలాగని ఒళ్లే ఆమె పాత్ర కూడా కాలేదు. లావుగా ఉన్న మనిషి నవ్వించడం వేరు, లావును చూపించి నవ్వించడం వేరు. రెండోదానికి ప్రతిభ అక్కర్లేదు, విరిగే కుర్చీ ఒకటి ఉంటే చాలు.

పుస్తకాల దగ్గరికి వస్తే, ఆడవాళ్లు రాసిన హాస్యం తెలుగులో తక్కువేం లేదు. భానుమతి రామకృష్ణ ‘అత్తగారి కథలు’ వంటింట్లోంచి, ఆవకాయ జాడీల మధ్యనుంచి నవ్వు పుట్టించాయి. గయ్యాళి అని ముద్ర పడ్డ అత్తగారిని అమాయకత్వం, అతితెలివి, అభిమానం కలగలిసిన నిండు మనిషిగా ఆమె నిలబెట్టారు. పొత్తూరి విజయలక్ష్మి నవల ‘ప్రేమలేఖ’ లేకపోతే జంధ్యాల ‘శ్రీవారికి ప్రేమలేఖ’ లేదు. సోమరాజు సుశీల ‘ఇల్లేరమ్మ కథలు’లో ఒక ఆడపిల్ల చూపులోంచి పెద్దవాళ్ల లోకమంతా తలకిందులుగా కనిపిస్తుంది. ఇక రెండో పాయ, శరీరం గురించి రాసినవాళ్లది. 1993లో వచ్చిన ఓల్గా ‘రాజకీయ కథలు’ ఆడదాని ఒంటి మీద పెత్తనం ఎవరిదని సూటిగా అడిగాయి. అదే ఏడాది వచ్చిన ‘నీలిమేఘాలు’ కవిత్వ సంకలనం తెలుగు సాహిత్యంలో అప్పటిదాకా నోరెత్తని విషయాలను బయటపెట్టింది. అయితే ఈ రెండు పాయలూ కలవలేదు. నవ్వించినవాళ్లు ఇంటి గురించి, కుటుంబం గురించి రాశారు. శరీరం గురించి రాసినవాళ్లు కోపంగా, బాధగా రాశారు. ఆ కోపం న్యాయమైనదే, అవసరమైనదే. కానీ బరువు అనేది కోపంతో మాత్రమే చెప్పగలిగిన విషయం కాదు. సోమవారం మొదలుపెట్టి బుధవారం వదిలేసిన డైటింగులు, పొద్దున్నే మింగిన తేనె నిమ్మరసం, ఇంటికి చుట్టాలొచ్చిన రోజే వచ్చిపడే ఉపవాసం, పెట్టె అడుగున దాచుకున్న పాత జాకెట్టు, ఇవన్నీ ముందు నవ్వు తెప్పించే సంగతులు.

ఇంగ్లీషులో ఈ పని ఎప్పుడో మొదలైంది. 1967లో ఫే వెల్డన్ రాసిన మొదటి నవల ‘ది ఫ్యాట్ ఉమన్స్ జోక్’లో భార్యాభర్తలు కలిసి డైటింగు మొదలుపెడతారు, సంసారం కూలుతుంది, భార్య ఒక నేలమాళిగ వాటాలో చేరి తృప్తిగా తింటూ కూర్చుంటుంది. 1996 నాటి ‘బ్రిడ్జెట్ జోన్స్ డైరీ’ అంతకన్నా చాలా పేరున్నది. అందులో హెలెన్ ఫీల్డింగ్ కథానాయిక రోజువారీ డైరీని తన బరువు అంకెతో మొదలుపెడుతుంది. ఆ అంకె దాదాపు 58 కిలోలు! లావే కాని అమ్మాయి లావని కుమిలిపోవడంలోనే ఉంది రచయిత్రి చురక. చాలామంది పాఠకురాళ్లు ఆ చురకను పక్కనపెట్టి అంకెను మాత్రం గుర్తుపెట్టుకున్నారని నా అనుమానం. 2001లో జెనిఫర్ వైనర్ ‘గుడ్ ఇన్ బెడ్’లో నిజంగానే లావైన ఒక విలేకరి ఉంటుంది. ఆమె మాజీ ప్రియుడు ఆమె శరీరం గురించి ఒక పత్రికలో శీర్షిక రాస్తాడు. అతనికి ఆ హక్కు ఎవరిచ్చారన్నదే నవల. ఈ మూడింట్లోనూ ఎవరేమన్నా వాక్యం లావుపాటి మనిషి, లేదా తాను లావని అనుకునే మనిషి అనుభవంలోంచే పుడుతుంది, చమత్కారం ఆమెకే దక్కుతుంది.

మన దగ్గర ఆ ప్రయత్నం సినిమా చేసింది. 2015 నవంబరులో అనుష్క నటించిన ‘సైజ్ జీరో’ వచ్చింది. కథ రాసింది ఒక మహిళ, కనికా ధిల్లాన్. పాత్ర కోసం అనుష్క 15 కిలోలకు పైగా బరువు పెరిగారు. ఉద్దేశం మంచిదే. ఆడపిల్ల పెళ్లి కోసం బరువు తగ్గించాలని తల్లి పడే ఆరాటాన్ని, అడ్డదారిలో సన్నబెట్టే క్లినిక్కుల వ్యాపారాన్ని సినిమా ధైర్యంగానే పట్టుకుంది. కానీ సగం దాటేసరికి నవ్వు వదిలేసి ప్రచారసభలో పడింది. సినిమాకన్నా వింత ఆ తర్వాత జరిగింది. సన్నగా ఉండాలన్న పిచ్చిని ప్రశ్నించిన నటి మళ్లీ ఎప్పుడు సన్నబడుతుందన్నదే ఏళ్ల తరబడి వార్త అయింది. ఆ సినిమా వచ్చిన ఏడాదే జూన్ 6న, నటి ఆరతీ అగర్వాల్ 31 ఏళ్లకే న్యూజెర్సీలో చనిపోయారు. కొద్ది వారాల ముందు ఆమె కొవ్వు తీసే శస్త్రచికిత్స చేయించుకుని ఉన్నారు. ఆమె బరువు గురించి అంతకుముందు పత్రికలు రాసిన వ్యాఖ్యలు తలచుకుంటే, ఈ విషయం వినోదపు పేజీతో అయిపోయేది కాదని తెలుస్తుంది.

లావుపాటి కథానాయికలు కావాలన్న వాదనకు వైద్యుల వైపు నుంచి బలమైన అభ్యంతరమే వస్తుంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం పుదుచ్చేరిలో పెద్దవాళ్లలో 26.3 శాతం మందికి మధుమేహం ఉంది. దేశంలో గోవా తర్వాత ఇదే. ఇలాంటి ఊళ్లో లావును ముద్దుచేసే పుస్తకాలు కావాలా అని అడగడం సబబే. బరువు వల్ల ఏ జబ్బూ రాదని ఏ పుస్తకమైనా చెబితే దాన్ని నేనూ ఒప్పుకోను. అయితే ఈ అభ్యంతరం వెనక ఒక నమ్మకం దాక్కుని ఉంది, సిగ్గుపడితే మనిషి సన్నబడుతుందన్నది. ఆధారాలు అందుకు వ్యతిరేకంగా ఉన్నాయి. అమెరికాలో 6,000 మందికి పైగా పెద్దవాళ్లను 2006 నుంచి 2010 దాకా గమనించిన పరిశోధకులు 2013లో ఫలితాలు ప్రచురించారు. మొదట్లో స్థూలకాయం లేనివారిలో, బరువు వల్ల చిన్నచూపుకు గురయ్యామని చెప్పినవాళ్లు ఆ నాలుగేళ్లలో స్థూలకాయులయ్యే అవకాశం మిగతావారికన్నా దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. ఫిజీ దీవుల్లోని ఒక ప్రాంతంలో 1995లో టీవీ అడుగుపెట్టింది. మూడేళ్లు తిరిగేసరికి బరువు తగ్గడం కోసం బలవంతంగా వాంతి చేసుకునే అలవాటు, అంతకుముందు సర్వేలో ఒక్కరికీ లేనిది, నూటికి 11 మంది బడి ఆడపిల్లల్లో కనిపించింది. ఎవరి ఒళ్లు చూసి ఎవరు సిగ్గుపడాలో చెప్పేది కథలే. ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లే ముందు ఆ కథలను మార్చాలి. తనను తాను చూసి నవ్వుకోగలిగిన మనిషి డాక్టరు దగ్గర తూకపు యంత్రం ఎక్కడానికి వెనకాడదు. తిట్లు తినితిని అలసినామె ఆసుపత్రి గుమ్మం తొక్కడమే మానేస్తుంది.

మరికొందరు వేరే మాట అంటారు. నవ్వుకు కూడా నిబంధనలు పెడితే ఇక హాస్యం ఎక్కడుంటుందని. నేను అడిగేది నిషేధం కాదు. లావు మీద జోకులు మానేయమని కాదు, ఆ జోకులు లావుగా ఉన్నవాళ్ల చేతికివ్వమని. వాళ్లకు తెలిసినన్ని ఇంకెవరికీ తెలియవు, నాణ్యత కూడా పెరుగుతుంది. సన్నగా ఉన్నవాళ్లనూ ఎండుపుల్ల అని ఏడిపిస్తారు కదా అంటే, నిజమే, వాళ్లకూ నవలలు రావాలి. ఈ రోజుల్లో పుస్తకాలు చదివేదెవరు, అందరూ ఫోన్లోనే కదా అన్నది మాత్రం నాకు బొత్తిగా నచ్చని వాదన. వారపత్రికల సీరియళ్లతో తెలుగు నవలను ఇంటింటికీ చేర్చింది పాఠకురాళ్లే. యద్దనపూడి సులోచనారాణి నవలల కోసం వారంవారం ఎదురుచూసినవాళ్లు వాళ్లే. ఆ నవలల్లో ఆత్మగౌరవం నిండుగా ఉంది. దానికి ఇంకాస్త ఒళ్లు కూడా తోడైతే పోయేదేమీ లేదు.

అందుకే దీపావళి సంచికలకు హాస్య కథల పోటీ పెట్టే సంపాదకులకు ఒక విన్నపం. ఈసారి ఒక విభాగం ఇలా ప్రకటించండి: కథానాయిక లావుగా ఉండాలి, ఆమెకు తెలివి, నోరు, ఉద్యోగమో వ్యాపారమో, ఇష్టమైన కూర, ఇష్టంలేని ఆడపడుచు ఉండాలి. వచ్చినవాటిలో మంచివి పుస్తకంగా వేయండి. 1827లో మొదలైన రోమా రోలా గ్రంథాలయంతో సహా పుదుచ్చేరి ప్రభుత్వ గ్రంథాలయాలు ఆ పుస్తకాన్ని కొని, యానాం పాఠకులకూ అందేలా చూడాలి. రాసే అమ్మలకు, అక్కలకు చెప్పేదొక్కటే. కథ చివర్లో ఆమెను సన్నగా చేసేయకండి. చేసేస్తే బహుమతి ఇవ్వకూడదని సంపాదకులు న్యాయనిర్ణేతలకు ముందే చెప్పి ఉంచాలి.