స్టీరింగు మీద చేయి, ధ్యాస మరెక్కడో!

నరసరావుపేట: మిరప కోతలు మొదలయితే పల్నాడులో కోడి కూయకముందే రోడ్లు మేలుకుంటాయి. ఆటోలు, ట్రాక్టర్లు కూలీలను ఎక్కించుకొని ఊరి నుంచి ఊరికి పరుగులు తీస్తాయి. అన్నం క్యారేజీలు ఒళ్లో పెట్టుకొని కూర్చున్న ఆడవాళ్ల ప్రాణాలన్నీ ముందు కూర్చున్న ఒక్క మనిషి కళ్ల మీద ఆధారపడి ఉంటాయి. ఆ కళ్లు రోడ్డును చూస్తున్నాయా, చేతిలోని సెల్‌ఫోనును చూస్తున్నాయా అన్నదే ప్రశ్న.

ఈ జిల్లా ప్రజలకు రోడ్డు ప్రమాదమంటే ఎక్కడో జరిగే సంగతి కాదు. 2023 మే 17 తెల్లవారుజామున దాచేపల్లి మండలం పొందుగుల వద్ద ఆటో ప్రమాదంలో ఆరుగురు మహిళా కూలీలు మరణించారు. వారంతా నల్గొండ జిల్లా దామరచర్ల మండలం నుంచి కృష్ణ దాటి పనికి వస్తున్నవారు. 2024 మే 14 అర్ధరాత్రి దాటిన తరువాత చిలకలూరిపేట సమీపంలో బస్సు, టిప్పరు ఢీకొని మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. ఓటు వేసి హైదరాబాదుకు తిరిగి వెళుతున్నవారు ఆ బస్సులో ఉన్నారు. 2025 ఫిబ్రవరి 9న ముప్పాళ్ల మండలం బొల్లవరం వద్ద మిరప కోతకు పోయి వస్తున్న కూలీల ట్రాక్టరు బోల్తాపడి నలుగురు మహిళలు మరణించారు.

ఈ మూడింటికీ కారణం ఒక్కటేనని చెప్పడం న్యాయం కాదు. వాటిలో ఎవరి తప్పు ఎంత అన్నది పోలీసులు, కోర్టులు తేల్చే విషయం. అయితే ఒక సంగతి మాత్రం ఎవరికయినా అర్థమవుతుంది. మనుషులతో నిండిన బండి నడిపేవాడికి కళ్లు తిప్పుకొనే వ్యవధి లేదు. ఒక్కడి ఏమరుపాటుకు ఒక్క ప్రాణంతో సరిపోదు, ఒక వీధి వీధంతా ఏడవవలసి వస్తుంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు దాటుతుంది. ఫోను మోగింది, ఎవరు చేశారో చూద్దామని తల వంచితే మూడు సెకన్లు గడుస్తాయి. ఆ మూడు సెకన్లలో బండి 50 మీటర్లు, అంటే పావు ఫర్లాంగు దూరం కళ్లు మూసుకొని పోయినట్టే లెక్క. ఆ పావు ఫర్లాంగులో ఒక గేదె అడ్డం రావచ్చు. బడికి పోయే పిల్లవాడు సైకిలు తిప్పవచ్చు. వెనుక దీపం లేని పత్తి ట్రాక్టరు ఆగి ఉండవచ్చు. కళ్లు రోడ్డు మీదకు వచ్చిన తరువాత బ్రేకు తొక్కినా బండి వెంటనే నిలవదు. బరువు ఎక్కువయిన కొద్దీ ఆగే దూరం పెరుగుతుంది.

వెనుకటి రోజులలో ఎడ్లబండి తోలేవాడు సంత నుంచి వస్తూ కునుకు తీసినా ఇల్లు చేరేవాడు. ఎడ్లకు దారి తెలుసు. ఎదురుగా గుంట కనిపిస్తే అవే పక్కకు తప్పుకొనేవి. ఇంజనుకు ఆ జ్ఞానం లేదు. తోలేవాడు ఏమరితే అది ఉన్న వేగంతో ఉన్న దిక్కుకు పోతుంది. బండి మారింది గాని తోలే అలవాటు కొందరిలో ఇంకా మారలేదు.

చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకొని మెడ వంచి మోటారు సైకిలు నడిపేవారు ఏ ఊరి రోడ్డు మీద చూసినా కనిపిస్తున్నారు. ట్రాక్టరు మీద పాటల పెట్టె హోరులో వెనుక వచ్చే లారీ హారను వినిపించడం లేదు. ఆటోలో డ్రైవరుకు ఇరువైపులా మనుషులను కూర్చోబెడితే హ్యాండిలు తిప్పడానికే చోటు ఉండటం లేదు. చెవిలో తీగ పెట్టుకొని మాట్లాడితే ప్రమాదం లేదని కొందరు వాదిస్తారు. చేతులు ఖాళీగా ఉన్న మాట నిజమే గాని మనసు ఖాళీగా లేదు. పొలం తగాదా గురించో, అప్పు గురించో మాట్లాడేవాడు ఎదుట ఉన్నదానిని చూస్తూ కూడా గమనించడు.

అయితే నేరమంతా డ్రైవరు మీదకు నెట్టివేయడం కూడా సబబు కాదు. ఆ ఫోను చేసేది ఎవరు? ‘‘ఎక్కడిదాకా వచ్చావు? చేలో మనుషులు దిగలేదేం?’’ అని మేస్త్రి చేస్తాడు. ‘‘ఇంకా ఎంతసేపు?’’ అని బండి యజమాని చేస్తాడు. ఎత్తకపోతే రేపటి బాడుగ మరొక ఆటోకు పోతుందని డ్రైవరు భయం. అందువల్ల ఫోను చేసేవారికి కూడా బాధ్యత ఉన్నది. ‘‘బండి మీద ఉన్నా బావా’’ అన్న మాట వినపడగానే అవతలివారు పెట్టివేయాలి. ఎన్ని గంటలకు రావాలి, ఎంతమంది ఎక్కాలి అన్నది మేస్త్రీలు ముందురోజు రాత్రే మాట్లాడుకుంటే తెల్లవారుజామున ఫోను చేసే పనే ఉండదు.

నిద్ర కూడా ధ్యాసను తినివేసేదే. పగలంతా పొలంలో పనిచేసి, రాత్రికి మిరప టిక్కీలు వేసుకొని గుంటూరు యార్డుకు బయలుదేరే రైతులు, డ్రైవర్లు ఎందరో ఉన్నారు. టీ తాగితే నిద్ర తాత్కాలికంగా ఆగవచ్చు గాని అలసట పోదు. కళ్లు మూతలు పడుతుంటే బండిని రోడ్డు దించి ఆపి అరగంట పడుకోవడమే మంచిది. యార్డుకు అరగంట ఆలస్యమయితే పోయేది ఏమీ లేదు.

చట్టం ఈ విషయంలో గట్టిగానే ఉన్నది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను ప్రకారం బండి నడుపుతూ చేతిలో ఫోను వాడటం ప్రమాదకరమైన డ్రైవింగు కిందకు వస్తుంది. మొదటి తప్పుకే 6 నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మైనరు పిల్లవాడికి బండి ఇచ్చి నేరానికి కారణమయితే తండ్రిగాని, బండి యజమానిగాని 3 సంవత్సరాల వరకు జైలుకు పోవలసి రావచ్చు, 25,000 రూపాయల జరిమానా కట్టాలి. ‘‘మావాడు పదిహేనేళ్లకే ట్రాక్టరు తోలుతాడు’’ అని రచ్చబండ దగ్గర గొప్పలు చెప్పుకొనే పెద్దలు ఇది తెలుసుకోవాలి.

ఎన్ని చట్టాలు ఉన్నా ప్రతి డొంకరోడ్డు మీద ఒక పోలీసును నిలబెట్టడం సాధ్యం కాదు. బండిలో కూర్చున్నవారే కాపలాదారులు కావాలి. ‘‘అబ్బాయ్, ముందు బండి ఆపు, తరువాత మాట్లాడు’’ అని ఒక పెద్దావిడ గట్టిగా అంటే ఏ డ్రైవరూ కాదనడు. కూలికి పిలిచిన రైతు బండిలో పరిమితికి మించి ఎక్కించవద్దని, ఫోను పట్టుకొని నడపవద్దని ముందే షరతు పెట్టాలి. బాడుగ నాలుగు రూపాయలు ఎక్కువయినా రెండో బండి పెట్టాలి. పంచాయతీలు ట్రాక్టరు ట్రక్కుల వెనుక ఎర్ర స్టిక్కర్లు అంటించే పని చేపట్టాలి. కోతల రోజులలో తెల్లవారుజామున అధికారులు పెద్ద రోడ్లతోపాటు ఊళ్ల మలుపుల వద్ద కూడా తనిఖీ చేయాలి. జరిమానా వ్రాయడంతో సరిపెట్టక డ్రైవరుకు నచ్చజెప్పాలి.

ఎత్తని ఫోనుకు తిరిగి చేయవచ్చు. పోయిన బేరం రేపు మళ్లీ దొరకవచ్చు. సాయంత్రానికి క్యారేజీ పట్టుకొని ఇంటికి రావలసిన తల్లి రాకపోతే, గడపలో కూర్చొని ఎదురుచూసే పిల్లలకు సమాధానం చెప్పగలవారు ఎవ్వరూ ఉండరు. బండి తాళం తిప్పేముందు ఫోను జేబులో వేసుకోవడానికి పట్టేది ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణం కేటాయించవలసిందిగా పల్నాడులో బండి తోలే ప్రతి ఒక్కరినీ వారి బండ్లలో ఎక్కే కుటుంబాలు కోరుతున్నాయి.