లోకజ్ఞానం: ఒక ఇంజనా, రెండు ఇంజన్లా?

ఇంట్లో పెద్దవారిని కేదారనాథ్ తీసుకువెళ్ళదలచిన మన కుటుంబాలవారు హెలికాప్టరు టిక్కెట్టు కొనేముందు తరచు ఒక సందేహం వెలిబుచ్చుతున్నారు. ఒకే ఇంజను ఉన్నది ఎక్కవచ్చునా, రెండున్నదే క్షేమమా అని. విషయం కొంచెం విప్పి చెప్పుకుందాం.

ఇంజను ఆగితే హెలికాప్టరు రాయిలా పడిపోతుందని చాలామంది భయం. అది నిజం కాదు. ఇంజను ఆగగానే రెక్కలకూ దానికీ ఉన్న పట్టు దానంతట అదే విడిపోతుంది. దిగుతున్నకొద్దీ కిందినుంచి ఎదురు కొట్టే గాలికి రెక్కలు తిరుగుతూనే ఉంటాయి. ఆ ఊపుతో పైలటు మెల్లగా దింపుకోవచ్చు. అయితే ఇందుకు తగినంత ఎత్తో, వేగమో ఉండాలి. కింద చదునైన నేల ఉండాలి. సముద్రంమీద, అడవిమీద, కిక్కిరిసిన పట్టణంమీద ఆ నేల ఎక్కడిది? అటువంటి చోట్ల రెండో ఇంజను ప్రాణదాతే.

కాని రెండో ఇంజనుకు బరువుంది, ఖర్చుంది, మరమ్మతు పని ఎక్కువ. గాలి పలచబడిన ఎత్తులలో ఆ బరువే చిక్కు. నిండా మనుషులతో ఉన్నప్పుడు ఒక ఇంజను ఆగితే, మిగిలిన ఒక్కటీ బండిని గాలిలో నిలపలేకపోవచ్చు. 2005 మే 14న ఎవరెస్టు శిఖరంమీద దిగినది ఒంటి ఇంజను హెలికాప్టరే.

జోడెడ్ల బండిలో ఒక ఎద్దు చతికిలబడితే రెండోది ఎలాగో ఇల్లు చేరుస్తుంది. ఇరుసు విరిగితే మాత్రం ఎన్ని ఎడ్లున్నా ఒకటే. హెలికాప్టరుకు ఇంజన్లు రెండైనా ప్రధాన గేర్ బాక్సు ఒక్కటే, పై రెక్కల చక్రం ఒక్కటే, నడిపే మనిషి తెలివీ ఒక్కటే. 2013 నవంబరు 29న గ్లాస్గో నగరంలో జంట ఇంజన్ల పోలీసు హెలికాప్టరు కూలి పదిమంది చనిపోయారు. టాంకులో ఇంధనం ఉన్నా, దానిని తోడే పంపులు ఆపి ఉండడంచేత రెండు ఇంజన్లూ ఆగాయి.

మన తెలుగునాట 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు బాలయోగిగారిని బలిగొన్నది ఒంటి ఇంజను బెల్ 206. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డిగారితోబాటు మరి నలుగురిని బలిగొన్నది జంట ఇంజన్ల బెల్ 430. గేర్ బాక్సు నూనె ఒత్తిడి సంగతి చూస్తూ పైలట్ల దృష్టి చెదిరిందనీ, తుపాను మబ్బులో కిందికి తోసే గాలికి చిక్కారనీ విచారణలో తేలింది. అక్కడ రెండో ఇంజను చేయగలిగింది ఏమీ లేదు.

కేదారనాథ్ లోయలో 2022 అక్టోబరు 18న ఏడుగురు, 2025 జూన్ 15న ఏడుగురు పోయారు. రెండుసార్లూ ఒంటి ఇంజను బెల్ 407లే. రెండుసార్లూ మబ్బు కమ్మి చూపు ఆనని వేళే.

కనుక మేము చెప్పేది ఇది: దారిలో దిగను చోటు లేనప్పుడు, ఉన్నంతలో జంట ఇంజన్లు మేలు. అయితే ఇంజన్లు లెక్కపెట్టి నిశ్చింతగా ఉండవద్దు. ముందు ఆకాశం చూడండి. తిరుగు రైలు టిక్కెట్టుకు ఒకటి రెండు రోజులు వెసులుబాటు ఉంచుకోండి. ఈ పూట ఎగరను అని పైలటు అంటే తొందరపెట్టకండి, నమస్కారం పెట్టండి. కేదారేశ్వరుడు రేపూ అక్కడే ఉంటాడు.