గ్వారానీ పెద్దాయన ఏమన్నాడు?



పోయిన ఆదివారం రాత్రి సోషల్ సారు వేసిన 'ది మిషన్' సినిమా మీద నా అభిప్రాయం రాస్తున్నాను. తప్పులుంటే క్షమించగలరు.

ఏసు ప్రభువు సినిమా అంటే నాకు తెలిసింది 'కరుణామయుడు' (1978). క్రిస్మస్‌కి మా ఊళ్లో తెర కట్టి వేసినప్పుడు విజయచందర్ గారు సిలువ మోస్తుంటే మా అమ్మమ్మ కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేది. ఆమె చర్చికి కూడా పోదు! ఈ సినిమాలో ఏసు ప్రభువు కనిపించడు. 1986లో రోలాండ్ జోఫీ తీశారు. కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి వచ్చింది. కథ 1750 నాటిది, దక్షిణ అమెరికాలో గ్వారానీలు అనే ఆదివాసులున్న చోట జరిగింది.

మెండోజా అనేవాడు గ్వారానీలను పట్టి బానిసలుగా అమ్ముతాడు. కోపంలో తమ్ముణ్ణే చంపేస్తాడు. ఆ పాపానికి తన కత్తులు, ఇనప కవచాలు మూటగట్టి, తాడుతో ఒంటికి కట్టుకుని, జలపాతం పక్క కొండ మీదికి ఈడ్చుకుపోతాడు. పైన గ్వారానీలు వాణ్ణి గుర్తుపట్టారు. ఒకడు కత్తి తీసి దగ్గరికొచ్చాడు. వీడి పని అయిపోయింది అనుకున్నాం. ఆ మనిషి తాడు కోసేశాడు, మూట పోయి నీళ్లలో పడింది.

అందరూ మెండోజా ఏడుపు గురించే చెప్పుకున్నారు. నాకు మాత్రం ఆ కత్తి పట్టినవాడే గుర్తున్నాడు. క్షమించమని బోధించేది ఫాదర్లు, క్షమించింది గ్వారానీ. అతని పేరు మనకు గుర్తుండేలా సినిమా చెప్పనే లేదు.

తర్వాత స్పెయిన్, పోర్చుగల్ రాజులు ఒప్పందం రాసుకుని ఆ నేలను చేతులు మార్చారు. ఊళ్లు ఖాళీ చేయమన్నారు. ఫాదర్ గాబ్రియేల్ ప్రార్థన చేస్తూ ఎదురెళ్లాడు, మెండోజా మళ్లీ కత్తి పట్టాడు. ఇద్దరూ చచ్చిపోయారు. ఎవరు చేసింది రైటని టెన్త్ అక్కలు నిద్రపోయేదాకా వాదించుకున్నారు. ఇద్దరూ బయటినుంచి వచ్చినవాళ్లే గదా అక్కా! నిజం చరిత్రలో గ్వారానీలు 1754 నుంచి 1756 దాకా యుద్ధం చేశారు. వాళ్ల నాయకుడు సెపే తియరాజు అందులోనే చనిపోయాడు. ఆయన ఈ సినిమాలో లేడు.

సినిమాలో ఒక గ్వారానీ పెద్దాయన చర్చి పెద్ద ముందు నిలబడి మాట్లాడతాడు. ఆ మాటలు కూడా ఫాదరే తిప్పి చెప్పాలి. అప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. మా ఊరు మునుగుతుందని మీటింగు పెట్టినప్పుడు తాత కోయలో చాలాసేపు మాట్లాడాడు, మా పెద్దల రాళ్ల గురించి, ఇప్పచెట్ల గురించి. తెలుగులో చెప్పినాయన మాత్రం "ఒప్పుకోనంటున్నాడు సార్" అని ఒక్క ముక్కతో కూర్చున్నాడు.

సారు ఈ సినిమా మళ్లీ వేస్తానన్నారు. ఈసారి ఆ పెద్దాయన మాట్లాడేటప్పుడు దయచేసి ఎవరూ గోల చేయకండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని