పతకానికి పేరు ఎవరు రాస్తారు?



ప్రతి జనవరి 26కి, ఆగస్టు 15కి ముందు సైనికులకు శౌర్య పతకాలు ప్రకటిస్తారు. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర అని మనం జి.కె.కి బట్టీ పడతాం. యుద్ధం లేనప్పుడు చేసిన సాహసానికి అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర. కానీ ఎవరికివ్వాలో ముందు ఎవరు చెబుతారు? సోషల్ టీచరును అడిగి తెలుసుకున్నాను.

నాకు పతకం కావాలని సైనికుడు అర్జీ పెట్టుకోడు. పక్కన ఉన్నవాళ్ళు చూసింది చెబుతారు. కమాండింగ్ ఆఫీసరు రాస్తాడు: ఏ రోజు, ఏ చోటు, ఏం చేశాడు. ఆ కాగితం బ్రిగేడు, డివిజను, కమాండు దాటి ఢిల్లీలో రక్షణ శాఖ కమిటీకి, చివరికి రాష్ట్రపతికి పోతుంది. పైవాళ్ళు ఆ పోరాటం కళ్ళతో చూసినవాళ్ళు కారు. కాగితంలో ఉన్నదే చూస్తారు. మొదట రాసేవాడు రాయకపోతే ఎంత సాహసం చేసినా లేనట్టే.

మన కృష్ణ దాటితే నల్గొండ, దాని అవతల సూర్యాపేట. ఆ ఊరి కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు కోరుకొండ సైనిక్ స్కూలులో చదివి, 16 బీహార్ దళానికి కమాండింగ్ ఆఫీసరు అయ్యాడు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన పోరులో ఆయనతో కలిపి మనవాళ్ళు 20 మంది చనిపోయారు. పేర్లు రాయాల్సిన పెద్దే పోయినా ఆ రాత్రి సంగతి మరుగున పడలేదు. 2021లో ఆయనకు మహావీర చక్ర, ఇంకో ఐదుగురికి వీర చక్ర ప్రకటించారు. ఆ ఐదుగురిలో నాయబ్ సుబేదార్ నుదూరామ్ సోరెన్ ఒకరు. ఆయన ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లా సంతాల్ ఆదివాసీ.

1971 యుద్ధంలో పరమవీర చక్ర వచ్చిన లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా కూడా ఆదివాసీయే, ఇప్పటి జార్ఖండ్ వాడు. గంగాసాగర్ దగ్గర గాయాలతోనే శత్రువు మెషిన్ గన్నుల నోరు మూయించి చనిపోయాడు. చిన్న ర్యాంకే. అయినా ఎవరో చూశారు, ఎవరో రాశారు.

మంచి పని చేస్తే చాలు, పేరెందుకు అని కొందరంటారు. కారెంపూడి వీరుల గుడికి ఏటా కార్తీకంలో జనం ఆయుధాలు ఎత్తుకొని వస్తారు. పల్నాటి యుద్ధం జరిగి 800 ఏళ్ళు దాటినా కన్నమదాసు మనకు తెలుసంటే కథ పాడినవాళ్ళు ఉండబట్టే గదా!

ఇప్పుడు మన సంగతి. మొన్న జులైలో కరెంటు పోయిన రాత్రి చిన్నపిల్లల గదిలోకి పాము వచ్చింది. అందరం అరుస్తా బయటికి ఉరికాం. ఏడో తరగతి చెంచు పిల్ల ఒకతి మాత్రం లోపలికి పోయి, నిద్రలో ఉన్న నలుగురిని ఒక్కొక్కరిగా మోసుకొచ్చింది. నాలుగో పిల్లను తెచ్చేటప్పుడు పాము గడప దగ్గరే ఉంది. దాటుకుని వచ్చింది. పామును కొట్టిన వాచ్‌మెన్‌ను అందరూ మెచ్చుకున్నారు.

ఆగస్టు 15న మార్కులకు, పాటలకు, పరుగుపందేలకు బహుమతులిచ్చారు. ఆ పిల్ల పేరు ఎవరూ చెప్పలా. మేడంగారు ఆ సమయానికి అక్కడ లేరు, వారికి తెలియదు. చూసినదాన్ని నేను. నేనూ చెప్పలా.

దసరా సెలవులకు పోయిన పిల్ల తిరిగి రాలా. మిరప తోట పనికి పోతా ఉందంట. వాళ్ళ నాయన చదువుకోలేదు, మా నాయనా చదువుకోలేదు. మార్కుల కాగితం వాళ్ళకు అర్థం కాదు. జెండా దగ్గర మైకులో బిడ్డ పేరు పిలిస్తే అర్థమవుతుంది. పిలిచి ఉంటే తిరిగి పంపేవాడేమో.

అందుకని నా అభిప్రాయం ఇది. ఆఫీసు గదిలో ఒక నోటుబుక్కు పెట్టాలి. ఎవరి పేరు వాళ్ళు రాసుకోకూడదు. చూసినవాళ్ళే రాయాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి. రాయడం రాని చిన్నపిల్లలు చెబితే పెద్ద తరగతి వాళ్ళు రాసిపెట్టాలి. వంట అక్కల పేర్లు కూడా రాయొచ్చు. మేడంగారు, ఇద్దరు టీచర్లు విచారించి నిర్ణయించాలి.

మొదటి పేజీలో ఆ పిల్ల పేరు నేను రాస్తాను. ఆ నలుగురు చిన్నపిల్లలు సాక్షులు. మేడంగారూ, జనవరి 26కి ఆ పిల్లను, వాళ్ళ నాయనను పిలవమని గూడేనికి కబురు పెట్టండి. ఇప్పటికే ఆలస్యం చేశాను.

తప్పులుంటే మన్నించండి.

— 9వ తరగతి విద్యార్థిని