గుమ్మంలో కూర్చుని పాట వినే బిడ్డ

వేసవి సెలవులు దగ్గరపడగానే మన సంఘాలలో సెలవుల బైబిలు పాఠశాల మాట మొదలవుతుంది. పందిరి, పాటలు, బొమ్మల పాఠాలు, మజ్జిగ, చివరి రోజున ఊరేగింపు. ఆ కొద్ది దినాలు ఊళ్ళో పిల్లలు ఇంటిపట్టున ఉండరు. అయితే ఏ ఊరు చూచినా ఒకరిద్దరు బిడ్డలు ఆ పాటలను తమ ఇంటి గుమ్మంలో కూర్చునే వింటారు. నడవలేని బిడ్డ, మాట స్పష్టంగా రాని బిడ్డ, వయసుకు తగినట్టు బుద్ధి ఎదగని బిడ్డ. వారి తల్లిదండ్రులు మమ్మును అడిగే ప్రశ్న ఒకటే: "మా వాడిలాంటి పిల్లలకు వేసవి క్యాంపులు ఎక్కడైనా ఉన్నాయాండీ?"

పట్టణాలలో కొన్ని ప్రత్యేక పాఠశాలలు సెలవులలో ఇటువంటివి జరుపుతాయి. అమెరికాలో జోనీ ఎరిక్సన్ టాడా అనే సహోదరి 1967లో నీటిలో దూకి మెడ విరిగి, కాళ్ళు చేతులు చచ్చుబడినది. ఆమె 1979లో ప్రారంభించిన పరిచర్యలో వికలాంగులున్న కుటుంబాలకు కుటుంబమంతటికీ కలిపి క్యాంపులు పెడతారు. అక్కడ ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క తోడును ఇస్తారు; తల్లి ఆ కొద్ది దినాలు నడుము వాల్చగలదు. వినడానికి ఎంతో బాగున్నది. కాని కూలిపని చేసుకునే తల్లికి దూరపు క్యాంపు చెబితే ఏమి ప్రయోజనం? పిల్లవాడిని ఎత్తుకుని రెండు బస్సులు మారాలి, కూలి పోగొట్టుకోవాలి, రాత్రి అతడు భయపడితే దగ్గర ఎవరూ ఉండరు. ఆ బిడ్డ వెళ్ళవలసిన మొదటి క్యాంపు తన వీధి చివర ఉన్న గుడిలోనే జరగాలని మా అభిప్రాయం. పట్టణపు క్యాంపు ఆ తరువాతి మాట.

మెఫీబోషెతు సంగతి మనకు తెలిసినదే. అయిదేండ్ల వయసులో దాది ఎత్తుకుని పరుగెత్తుచుండగా పడి కుంటివాడయ్యాడు. దావీదు అతనికి వేరొక ఇల్లు కట్టించి అన్నం పంపలేదు, తన బల్లయొద్దనే కూర్చుండబెట్టుకున్నాడు. లోదెబారునుండి అతనిని పిలిపించినవాడు కూడా దావీదే. మన సంఘాలలో మాత్రం, "తీసుకొస్తే చేర్చుకుంటాం" అని ఊరుకుంటున్నాము. తీసుకొచ్చే ధైర్యం ఆ తల్లికి ఎక్కడిది? "ఏ పాపం చేశారో" అన్న మాట ఆమె బావి దగ్గర ఒకసారి, గుడి మెట్లమీద ఒకసారి విని ఉంటుంది. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అదే ప్రశ్న అడిగినప్పుడు ప్రభువు ఇద్దరిలో ఎవరి పాపమూ కాదని తేల్చి చెప్పెను. అయినా ఆ ప్రశ్న మన మధ్య ఇంకా బ్రతికే ఉన్నది.

కాబట్టి ఏప్రిల్ నెలలోనే సండేస్కూలు టీచర్లు ఇద్దరు ఆ ఇంటికి వెళ్ళాలి. వెళ్ళినప్పుడు ఒక తెల్ల కాగితం తీసుకువెళ్ళండి. బిడ్డ దాహం వేస్తే ఏమి సైగ చేస్తాడు? దొడ్డికి వస్తే ఎలా తెలుస్తుంది, ఎవరు ఎత్తాలి? అన్నం గొంతులో అడ్డుపడుతుందా, మెత్తగా పిసికి పెట్టాలా? దేనికి భయపడతాడు? డప్పు శబ్దానికా, గుంపుకా? ఏ మందు ఎన్ని గంటలకు? తల్లి చెబుతుంటే వ్రాసుకోవాలి. ఆ ఒక్క కాగితం చేతిలో ఉంటే సగం భయం తీరుతుంది; తల్లికీ, టీచరుకూ.

మూర్ఛ ఉన్న పిల్లలను గూర్చి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ భయంతోనే చాలామందిని ఇంట ఉంచుతున్నారు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తలక్రింద మెత్తని గుడ్డ పెట్టండి, మెడ దగ్గర గుండీ వదులు చేయండి, గడియారం చూడండి. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్ళు ఏమీ పెట్టరాదు. చేతిలో తాళంచెవులు పెట్టడం మన ఊళ్ళలో అలవాటు. ఇనుము పట్టుకుంటే మూర్ఛ ఆగదు. చాలావరకు రెండు మూడు నిమిషాలలో దానంతటదే తగ్గుతుంది. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గకముందే మరొకటి వచ్చినా 108కు ఫోను చేయండి. ఫిట్స్ మందులలో కొన్నింటివలన చెమట సరిగా పట్టక ఒంటి వేడి పెరుగుతుంది. అలాంటి బిడ్డను ఎండలో ఊరేగింపులో నడిపించకూడదు. అసలు మే నెలలో పాఠశాల ఉదయం పదిన్నరకల్లా ముగించడం అందరు పిల్లలకూ మంచిదే.

ఇక పాఠం మాట. అభినయగీతాలలో నిలబడలేని బిడ్డ కూర్చుని చేతులతో చేస్తాడు. చేతులు రాకపోతే గంట మ్రోగించే పని అతనికివ్వండి. చూపులేని బిడ్డకు నోవహు ఓడను మట్టితో చేసి చేతికివ్వండి, మిగతా పిల్లలూ దానికోసం ఎగబడతారు. వినబడని బిడ్డను ముందు వరుసలో, టీచరు ముఖం కనబడేలా కూర్చుండబెట్టాలి. భారతీయ సైగభాషకు 2018లో మూడువేల పదాల నిఘంటువు వచ్చింది; దానిలోనుండి పది సైగలు యౌవనస్థులలో ఒకరు నేర్చుకున్నా ఆ బిడ్డకు ఆ పది దినాలు వెలుగే. బుద్ధి ఎదగని బిడ్డను వయసునుబట్టి తోటివారి గుంపులోనే ఉంచండి, పన్నెండేండ్ల పిల్లను నాలుగేండ్లవారితో కూర్చోబెట్టకండి. వాక్య కంఠస్థం పోటీ మాత్రం మాకు మొదటినుండి అంత ఇష్టం లేదు. గెలిచేవారు ఏటా ఆ ముగ్గురే!

పందిరి మధ్యకు పిలిచి, అందరి ఎదుట ఆ బిడ్డమీద చేతులుంచి, "లేచి నడువు" అని కేకలు వేయడం దయచేసి వద్దు. ప్రార్థించండి, తప్పక ప్రార్థించండి. తల్లిని అడిగి, ఇంట్లో నెమ్మదిగా ప్రార్థించండి. నడవకపోతే విశ్వాసం చాలలేదని ఆ తల్లి నెత్తిన మరొక బరువు పెట్టే అధికారం ఎవరికీ లేదు.

మరొక సంగతి చెప్పడానికి సంకోచించరాదు. జరిగినది చెప్పుకోలేని బిడ్డలకు అపాయం ఎక్కువ. ఏ పెద్దవారూ ఒంటరిగా ఆ బిడ్డతో గదిలో ఉండకూడదు, మరుగుదొడ్డికి తీసుకువెళ్ళినా ఇద్దరు వెళ్ళాలి. పాస్టరుగారికైనా ఇదే నియమం. అనుమానం కలిగితే 1098కు చెప్పండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసీ దాచిపెట్టడం నేరము. పట్టణపు క్యాంపుకు పంపేటప్పుడు కూడా తల్లిదండ్రులు మొదట అడగవలసినది ఇదే. ఆ తరువాత ఎంతమంది పిల్లలకు ఒక సహాయకులున్నారో, రాత్రి ఎవరు మేలుకొని ఉంటారో, తల్లి వెంట ఉండవచ్చునో లేదో అడగండి. ఈ ప్రశ్నలకు విసుక్కునే చోటికి పంపకండి.

ఇటువంటి క్యాంపులను గూర్చి మండలంలోని భవిత కేంద్రపు టీచర్లకు తెలిసి ఉండవచ్చు. బడులు మూయకముందే వారిని కలవండి. మీ బిడ్డను ఎలా కూర్చోబెట్టాలో, ఎలా ఎత్తాలో మన సండేస్కూలు టీచర్లకు ఒక పూట చూపించమని కూడా అడగండి. సికిందరాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ బుద్ధిమాంద్యమున్న పిల్లలను పరీక్షించి, తల్లిదండ్రులకు శిక్షణనిస్తుంది. 1995 నాటి చట్టంలో ఏడు విధాల వైకల్యాలే ఉండగా 2016 నాటి చట్టంలో ఇరవైయొకటి ఉన్నాయి. అప్పుడు సర్టిఫికెట్టు దొరకని బిడ్డకు ఇప్పుడు దొరకవచ్చు. తోడు లేక ప్రయాణం చేయలేని బిడ్డకు రైలు స్లీపరులో నాలుగింట మూడు వంతులు రాయితీ ఉన్నది, వెంట వెళ్ళే ఒకరికి కూడా అంతే. దానికి ప్రభుత్వ వైద్యుని సర్టిఫికెట్టు రైల్వేవారి నమూనాలో ఉండాలి.

గుడికి మెట్లు ఉంటే మందపాటి చెక్క ఒకటి వేయండి. మెట్టు ఎత్తు ఒక అడుగైతే చెక్క పన్నెండడుగుల పొడవుండాలి, లేకపోతే చక్రాల కుర్చీ వెనక్కి జారుతుంది. అంత చెక్క దొరకకపోతే పాఠశాలను చెట్టుక్రింద పెట్టుకోవచ్చు. తల్లి కూలికి వెళ్ళే వేళకు బిడ్డను తీసుకువచ్చి మరల ఇంట దింపే పని స్త్రీల సమాజంవారు వంతులు వేసుకుంటే సరిపోతుంది. ఆ వంతుల పట్టీ ఏప్రిల్ రెండవ ఆదివారానికి గుడి గోడమీద ఉండాలి.