మధ్యాహ్నం రెండింటి ఆకలి

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి నాకు వేసే ఆకలి గురించి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఫ్రిజ్ తలుపు తీసి అక్కడే నిలబడి నిన్నటి పప్పు చల్లగానే తినేయడం, బిర్యానీ ఆర్డర్ పెట్టడం, అది వచ్చేలోపు మిక్చర్ డబ్బా ఖాళీ చేయడం. సాయంత్రం మళ్లీ మిరపకాయ బజ్జీలు. "రాత్రి నుంచి నీకెవరూ అన్నం పెట్టలేదా?" అనేది అమ్మ.

లాంగ్ రైడ్ అంటే బుల్లెట్ బండి అనుకునేరు. నాది సైకిల్. కొన్నదే బరువు తగ్గడానికి. మా గ్రూపు రూటు అప్పా జంక్షన్ నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ. రోడ్డుకి రెండు పక్కలా పాత మర్రిచెట్లుంటాయే, అదే దారి. వెళ్లడానికి 46 కిలోమీటర్లు, వెనక్కి మళ్లీ అంతే. పొద్దున అయిదింటికి బయల్దేరితే ఎండ ముదిరేలోపు తిరిగొచ్చేస్తాం. ఇలా మూడు నెలలు తొక్కాక వెయింగ్ మెషీన్ ఎక్కి చూసుకున్నాను. రెండు కిలోలు పెరిగాను!

ఎలా పెరిగానో అప్పట్లో నాకు అంతుపట్టలేదు. ఎందుకంటే నేను చాలా 'క్రమశిక్షణ'తో ఉండేవాణ్ని. ఖాళీ కడుపుతో తొక్కితే కొవ్వు కరుగుతుందని ఏదో వీడియోలో చూసి, పొద్దున బ్లాక్ కాఫీ ఒక్కటే తాగి బయల్దేరేవాణ్ని. దారిలో అందరూ ఇడ్లీ బండి దగ్గర ఆగితే నేను నీళ్లు తాగుతూ పక్కన నిలబడేవాణ్ని. కొంచెం గర్వంగా కూడా ఉండేది, దాచడమెందుకు.

ఆ గర్వం ఒక ఆదివారం తిరుగు ప్రయాణంలో, చేవెళ్లకి కాస్త ముందు దిగిపోయింది. కాళ్లు నొప్పి పుట్టడం కాదు, అసలు కాళ్లు లేనట్టే అనిపించింది. చేతులు వణుకుతున్నాయి, చెమట చల్లగా పడుతోంది. ఏ గేరు వేయాలో కూడా తోచలేదు. సైకిల్ పక్కన పడేసి మర్రిచెట్టు కింద కూలబడ్డాను. అక్కడ జామకాయలు అమ్ముతున్న అవ్వ నన్ను పరకాయించి చూసింది.

"ఏం బిడ్డా, పొద్దుగాల ఏమన్న తిన్నవా?"

"లేదవ్వా."

"గింత దూరం తొక్కుకుంట వస్తివి, సద్ది కట్టుకోని రావద్దా?"

మా గ్రూపులో యాభై ఎనిమిదేళ్ల పెద్దాయన ఒకాయన ఉన్నాడు. అందరం బాబాయ్ అంటాం. నేను వెనకబడ్డానని ఆయనే తిరిగొచ్చి, జెర్సీ జేబులోంచి రెండు అరటిపండ్లు, గుప్పెడు ఖర్జూరాలు తీసి పెట్టాడు. పావుగంటకి మనిషినయ్యాను. "నువ్వు తొక్కలేకపోవడం కాదురా, ట్యాంకులో ఆయిల్ లేదు" అన్నాడు.

ఆ ట్యాంకు సంగతి తర్వాత చదివి తెలుసుకున్నాను. మన కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో దాచుకునే పిండిపదార్థం మొత్తం కలిపి సుమారు 400-500 గ్రాములు. గట్టిగా తొక్కితే రెండు మూడు గంటల్లోనే అడుగంటిపోతుంది. కొవ్వు ఎంతైనా ఉంటుంది కానీ అది నెమ్మదిగా మండే కట్టె, ఆ మంటతో వేగంగా తొక్కడం కుదరదు. అందుకే గంటన్నర దాటే రైడ్‌లో గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలంటారు. ఒక మాదిరి అరటిపండులో 25 గ్రాములు ఉంటుంది. దానికి నాలుగు ఖర్జూరాలు కలిపితే ఆ గంట గడిచిపోతుంది. ఖరీదైన జెల్ ప్యాకెట్లు పందేలకి వెళ్లేవాళ్లకి. మనకి పల్లీ చిక్కీ చాలు.

మరి నాకు ఆకలి దారిలో ఎందుకు వేయలేదు? ఇంటికొచ్చిన పదింటికి కూడా ఎందుకు వేయలేదు? ఇక్కడే నేను మోసపోయింది. బాగా కష్టపడ్డాక ఒకట్రెండు గంటలు గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ తగ్గి ఉంటుంది. దానికి తోడు ఎండ. ఒళ్లు వేడెక్కితే అన్నం మీదకి మనసు పోదు. ఆకలి లేదు కదా అని నేను గ్లాసుడు నీళ్లు తాగి, స్నానం చేసి పడుకునేవాణ్ని. ఒంట్లో లోటు అలాగే ఉండిపోయేది. లేచేసరికి రెండయ్యేది. హార్మోన్ మామూలు స్థితికి వచ్చేసేది. ముందు రాత్రి భోజనం తర్వాత ఏమీ పడని కడుపు, తొంభై కిలోమీటర్లు తొక్కిన ఒళ్లు, ఎదురుగా ఫ్రిజ్. ఇక ఆ టైంలో ఎంత తిన్నామో ఎవరికి తెలుస్తుంది?

పైగా ఫోన్‌లో యాప్ చూసి ధైర్యం ఒకటి. "2,400 క్యాలరీలు ఖర్చు" అని చూపించేది. అంటే అన్ని తినొచ్చని నా లెక్క. పవర్ మీటర్ లేకుండా యాప్ చెప్పేది ఉజ్జాయింపు మాత్రమే. ఊరికే కుర్చీలో కూర్చున్నా ఖర్చయ్యేవి కూడా కొన్ని యాప్‌లు అందులోనే కలిపేస్తాయి. ఆ అంకెని బిర్యానీ కూపన్ అనుకోవడం నా తప్పు.

బజ్జీలకంటే అసలు ఇబ్బంది ఆ తర్వాత రోజుది. ఆదివారం అంత తిన్నానన్న సిగ్గుతో సోమవారం టిఫిన్ మానేవాణ్ని. మంగళవారం రాత్రి భోజనం బదులు దోసకాయ ముక్కలు. నీరసంగా బుధవారం ఆఫీసు. మళ్లీ ఆదివారం ఖాళీ కడుపుతో సైకిల్. తిన్నదానికి శిక్షగా తొక్కడం, తొక్కినదానికి బహుమతిగా తినడం. సైకిల్ తొక్కడం నాకెందుకిష్టమో కూడా మర్చిపోయాను. నా ఒక్కడిదే అనుకున్నాను కానీ గ్రూపులో కదిపి చూస్తే సగంమందిది ఇదే కథ. ఒకమ్మాయికి నాలుగు నెలలుగా నెలసరి రావడం లేదట. ఎక్కువ తొక్కుతోంది కదా, మామూలే అనుకుందట. మామూలు కాదు. చేసే శ్రమకి తగ్గ తిండి లేకపోతే ఎముకలు, హార్మోన్లు, నిద్ర అన్నీ దెబ్బతింటాయని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే దీనికో పేరు పెట్టి హెచ్చరించింది. మగవాళ్లకీ వస్తుంది. కాకపోతే మనకి గుర్తుపట్టే తేలికైన గుర్తు ఉండదు. ఆ అమ్మాయి ఇప్పుడు డాక్టర్ దగ్గర చూపించుకుంటోంది.

నేను మార్చుకున్నవి పెద్ద విషయాలేం కాదు. శనివారం రాత్రి కడుపునిండా అన్నం. పొద్దున బయల్దేరే ముందు రెండు బ్రెడ్ ముక్కలు, తేనె. తొందరగా అరిగేదైతే చాలు. రాత్రి మిగిలిన జొన్న రొట్టె మంచిదేగా అని ఒకసారి తిని వెళ్లాను. పీచు ఎక్కువ కదా, మొయినాబాద్ దాకా కడుపు పెట్టిన బాధ ఇక్కడ రాయలేను. దారిలో ఆకలి కోసం చూడకుండా, ఫోన్‌లో ప్రతి నలభై నిమిషాలకీ అలారం పెట్టుకుని తింటాను. మన్నెగూడలో ఇడ్లీ, అందరితో పాటు.

ఇంటికొచ్చాక ముందు ఉప్పు వేసిన మజ్జిగ. వెళ్లేముందు, వచ్చాక బరువు చూసుకుంటే ఎంత నీరు పోయిందో తెలుస్తుంది. కిలో తగ్గిందంటే దాదాపు లీటరు నీళ్లు పోయినట్టే. లీటరుంపావు నుంచి లీటరున్నర వరకు రెండు మూడు గంటల్లో మెల్లగా తాగాలి. అది కొవ్వు కరగడం కాదు కాబట్టి సెల్ఫీ తీసి స్టేటస్ పెట్టకండి. నేను పెట్టాను.

గంటలోపు, ఆకలున్నా లేకపోయినా, ప్లేటు ముందు కూర్చుంటాను. కండరాల మరమ్మతుకి 20-25 గ్రాముల ప్రొటీన్ కావాలి. రెండు పెసరట్లు, రెండు గుడ్లు, పక్కన కప్పు పెరుగు. అంతే, సరిపోతుంది. గుడ్డు తినని రోజు పనీర్ కూర, లేదా ఉడికించిన శనగలు. అరగంటలో తినకపోతే తొక్కిందంతా వృథా అని జిమ్ అన్నలు భయపెడతారు కానీ, మర్నాడు మళ్లీ తొక్కేది లేకపోతే అంత కంగారు అక్కర్లేదు. సరిగ్గా తింటే ఖాళీ అయిన గ్లైకోజెన్ ఒక రోజులో నిండుతుంది. నేను తొందరపడేది కండరాల కోసం కాదు, రెండు గంటలకి ఫ్రిజ్ ముందు నిలబడకుండా ఉండటానికి. షుగర్ మందులో, ఇన్సులినో వాడేవాళ్లు మాత్రం ఈ లెక్కలు మీ డాక్టర్‌ని అడక్కుండా పాటించొద్దు.

రెండు కిలోలు పోయాయా అంటే, ఒకటి పోయింది. బిర్యానీ మానలేదు. ఇప్పుడు ఒంటిగంటకి, ఇంట్లో వాళ్లతో కూర్చుని, ఒక ప్లేటు తింటాను. రుచి తెలుస్తోంది. సాయంత్రం బజ్జీల దగ్గర మాత్రం ఇంకా ఓడిపోతూనే ఉన్నాను. పోయిన ఆదివారం నాలుగు తిన్నాను. సోమవారం పొద్దున మాత్రం ఉప్మా తినే ఆఫీసుకెళ్లాను.